చెత్త అన్నారు, బెంచీ వేసుకున్నారు

2005లో జింబాబ్వే ప్రభుత్వం పట్టణ పేదల ఇళ్ల మీదికి బుల్డోజర్లు పంపింది. ఆ దాడి పేరు 'మురంబాట్స్వినా'. షోనా భాషలో చెత్తను ఊడ్చెయ్యడమని. మనుషుల్ని చెత్త అనడం మనకు కొత్త కాదు. ఐక్యరాజ్యసమితి లెక్కన దాదాపు 7 లక్షల మంది ఇల్లో, బతుకుదెరువో, రెండూనో పోగొట్టుకున్నారు.

హరారేలోని ఎంబారే వాడలో ఆ గాయం చూసే డాక్టర్లేరి? 2006లో సైకియాట్రిస్ట్ డిక్సన్ చిబాండాకు దొరికింది 14 మంది అవ్వలు, ఆ వాడ ఆరోగ్య కార్యకర్తలే. క్లినిక్‌లో గది కూడా ఇవ్వలేదు. బయట బెంచీ వేశారు. 'డిప్రెషన్' అనలేదు; జనం మాట 'కుఫుంగిసిసా' అన్నారు, అంటే అతిగా ఆలోచించడం. శిక్షణ సారం ఇదే: ముందు విను. ఏ సమస్య ముందో వాళ్లనే ఎంచుకోనివ్వు. చెయ్యగలిగిన దారి వాళ్లతోనే వెతికించు.

573 మందితో చేసిన పరిశోధన 2016లో అచ్చయింది. ఆరు నెలలకు, మామూలు వైద్యం అందినవాళ్లకంటే బెంచీ మీద కూర్చున్నవాళ్ల కుంగుబాటు బాగా తగ్గింది.

కానీ బెంచీ కూలిన ఇంటిని కట్టివ్వదు. ఆ లెక్క రాజ్యంతోనే తేల్చుకోవాలి. మన వాడల ఆశా అక్కలకూ ఈ శిక్షణ అడుగుదాం. గౌరవ వేతనం కాదు, జీతంతో కలిపి అడుగుదాం.

జై భీమ్.