చిందు గొంతుకు చరిత్రలో చోటేది?

పాట, ఆట, మాట కలిపి కథ నడిపే కళను పడమటి దేశాల్లో ఒపెరా అంటారు. దానికి అక్కడ నాటకశాలలున్నాయి, గొంతు సాధన చేయించే గురువులున్నారు, వాళ్లకు జీతాలున్నాయి. అదే పనిని మాదిగవాడల్లో తరతరాలుగా చేస్తున్న చిందోళ్లను మాత్రం మన పండితులు అడుక్కునేవాళ్ల పద్దులో వేశారు. ఈ పద్దు ఎవరు రాశారు, ఎందుకు రాశారు అన్నదే మా ప్రశ్న.

మద్దూరు 2016 అక్టోబరు దాకా వరంగల్ జిల్లాలో ఉండె, ఇప్పుడు సిద్దిపేటలో ఉంది. పక్కనున్న జనగామ వేరే జిల్లా అయింది. సర్కారు గీసిన ఈ హద్దులు చిందు మేళానికి పట్టవు. దాని హద్దు మిరాసి. ఏ ఊరి మాదిగలు ఏ కుటుంబం వంతో ముందే పంచుకుని ఉంటారు. ఆ ఊళ్లో ఆట ఆడి గింజలో, బట్టలో, పైసలో తీసుకునుడు వాళ్ల హక్కు. హక్కుగా తీసుకునేదాన్ని బిచ్చం అంటే ఎట్లా?

దీనికి బదులుగా చిందోళ్లు మాదిగలకు జాంబపురాణం ఆడి చూపిస్తరు. పుట్టుకతోనే తక్కువ అని ముద్రపడ్డ కులానికి, నీ మూలపురుషుడు సృష్టికే ఆద్యుడని చెప్పే కథ అది. బడి మెట్లెక్కనివ్వని కాలంలో అదే మన చరిత్ర పాఠం. అయితే ఆ పాఠం చెప్పినోళ్లను ఆశ్రిత కులమని మాదిగలు కూడా తమకంటే కింద నిలబెట్టారు. ఈ మాట మనలో మనం దాచుకుంటే లాభం లేదు.

ఎస్వీ జోగారావు 1961లో యక్షగాన వాఙ్మయ చరిత్రను పెద్ద గ్రంథంగా తెచ్చారు. వాఙ్మయ చరిత్రకు ఆధారం రాతప్రతి. చిందు యక్షగానం నిలిచింది మాత్రం ప్రధానంగా గొంతులో. మైకు లేకుండా వాడంతా వినబడేటట్టు పాడుడు, మద్దెలకు అడుగు కలుపుడు, వచనంలోంచి పాటలోకి దాటుడు పిల్లలు మేళంతో తిరిగే నేర్చుకుంటరు. అమ్మానాయిన్లే గురువులు.

ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టే సంప్రదాయాలు మనకు తెలుసు. చిందులో ఆడవాళ్లే రంగమెక్కారు. నిజామాబాద్ జిల్లా చిందుల ఎల్లమ్మ మగవేషాలూ కట్టి మెప్పించింది. ఆమె 2005లో కన్నుమూసింది.

జనగామ జిల్లా గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ ప్రకటించారు. తల్లిదండ్రుల దగ్గరే నేర్చుకుని, వ్యవసాయ కూలీ చేసుకుంటూ అయిదు దశాబ్దాలకు పైగా ఆడాడు. ప్రభుత్వ లెక్క ప్రకారం ప్రదర్శనలు 19,000కు పైగా. కొత్తతరానికి నేర్పుతున్నాడు కూడా. ఇన్ని ఆటలాడిన కళాకారుడు కూలికి పోవాల్సి రావడమే ఈ చరిత్రలో అసలు సంగతి.

షెడ్యూల్డు కులాల జాబితాలో సింధోళ్లు, చిందోళ్లు అని పేరుంది. సంగీత పాఠ్యపుస్తకంలో ఆ పేరు లేదు. బిరుదు ఒక మనిషికి వస్తది, మేళానికి కావాల్సింది బతుకు. మిరాసి బలహీనపడ్డ చోట దాని స్థానంలో జీతమిచ్చే గురువు కొలువు రావాలె. నేర్పేటోళ్లు ఉండగానే విశ్వవిద్యాలయాలు వాళ్లను అధ్యాపకులుగా పిలవాలె. అప్పుడే పద్దు మారుతది.