కొత్తరెడ్డిపాలెమున హెబ్రూ కీర్తనలు

గుంటూరు సీమలో చేబ్రోలు చెంతనున్న కొత్తరెడ్డిపాలెమున యూదుల విశ్రాంతిదినమగు షబ్బాతునాఁడు తెలుఁగు, హెబ్రూ కీర్తనలు కలసి వినవచ్చుటకు వెనుక దీర్ఘచరిత్ర గలదు. 1878 జూలై 3న ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కాలమున, గుండ్లకమ్మ నదిలో 2,222 మంది, అత్యధికులు మాదిగలే, బాప్తిస్మము పొందిరి. ఆ బాప్టిస్టు వాతావరణముననే పెరిగిన షమూయేలు, సాదోకు యాకోబీ సోదరులు, తమ పూర్వులు ఇస్రాయేలీయులలోని ఎఫ్రాయిము గోత్రజులని విశ్వసించి, 1991లో యూద ప్రార్థనామందిరమును నెలకొల్పి, బెనె ఎఫ్రాయిము సమాజమునకు రూపు దిద్దిరి. ఆ వంశకథకు ప్రాచీన శాసనాధారము లేకపోవచ్చును. కాని అస్పృశ్యతాభారమును తరతరములుగా మోసిన జనులు, తమ పూర్వగౌరవమును తామే నిర్ణయించుకొని, దానిని గానముగా నిలుపుకొనుట నాకు మిక్కిలి ఆదరణీయముగాఁ దోఁచును. ఇస్రాయేలు సంగీతజ్ఞురాలు ఐరీన్ ఓర్లియాన్‌స్కీ, ఆఫ్రికా ఆసియా ఖండముల యూదసమాజముల పాటలను సేకరించి వెలువరించిన సంకలనమున వీరి గానమునకును స్థానమొసఁగినది.