సరిహద్దు అడవిలో మధ్యవర్తులు

ఖమ్మం–భద్రాచలం ఏజెన్సీకి ఆనుకుని ఒకవైపు ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా, ఇంకోవైపు ఒడిశాలోని మల్కన్‌గిరి, దిగువన నాటి తూర్పు గోదావరి మన్యం ఉన్నాయి. 1987 నుంచి 2021 దాకా ఈ అడవుల్లో పీపుల్స్‌వార్, ఆ తర్వాత మావోయిస్టు పార్టీ ఎత్తుకుపోయిన ప్రభుత్వోద్యోగులను మాటలతో విడిపించుకొచ్చిన సందర్భాల చరిత్ర ఇది. రిటైరైన గూఢచారి పాత సహోద్యోగి కోసం మళ్లీ అడవిలోకి దిగడం సినిమాకు ఇష్టమైన కథ. ఇక్కడ నిజంగా జరిగిన కథలో ఆ పాత్ర గూఢచారిది కాదు, మాజీ కలెక్టరుది, మాజీ ప్రొఫెసరుది. అదేమంత వింత కాదు. ఆంధ్రప్రదేశ్ పోలీసుల స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచి, 1989లో ఏర్పడ్డ గ్రేహౌండ్స్ ఈ అడవిలో నడిపిన పోరాటానికి ప్రాణం సమాచారం. ఆ సమాచారానికి మూల్యం చెల్లించింది పల్లె. చర్ల, దుమ్ముగూడెం, చింతూరు వైపు ఊళ్లలో ‘ఇన్‌ఫార్మర్’ ముద్ర పడితే మిగిలేది రోడ్డు మీద శవం, పక్కన ఓ లేఖ. అలాంటి చోట ఒకసారి వేగుగా తెలిసిపోయినవాడికి తిరిగి వెళ్లే దారంటూ ఉండదు. ఎవరు వస్తున్నారో, ఎందుకు వస్తున్నారో ఊరందరికీ ముందే తెలిసిన మనిషికే ఇక్కడ దారి ఉంటుంది. ఈ చరిత్ర మొత్తానికీ కీలకం అదే.

మొదటి పెద్ద ఘటన 1987 డిసెంబరు చివర్లో తూర్పు గోదావరి మన్యంలోని గుర్తేడు దగ్గర జరిగింది. గిరిజన సంక్షేమం పని మీద మన్యానికి వెళ్లిన ఎస్.ఆర్. శంకరన్‌నూ, మరికొందరు ఐఏఎస్ అధికారులనూ పీపుల్స్‌వార్ పట్టుకుంది. జైల్లో ఉన్న తమవాళ్లను ప్రభుత్వం వదిలాకే ఆ అధికారులను వదిలింది. వెట్టిచాకిరీ రద్దు చట్టాన్ని పల్లెల్లో అమలు చేయించడానికి పట్టుబట్టిన అధికారిగా శంకరన్‌కు అప్పటికే పేరుంది. అయినా బందీ అయ్యారు కాబట్టి, మంచిపేరు ఒక్కటే కవచం కాదని ఒప్పుకోవాలి. ఆసక్తికరమైనది ఆ తర్వాతి కథ. రిటైరయ్యాక, 1997లో, ఆయన పౌరస్పందన వేదికను నిలబెట్టి ఇరుపక్షాల హింసనూ ప్రశ్నించారు. 2004 అక్టోబరులో హైదరాబాద్‌లో ప్రభుత్వమూ నక్సలైట్లూ ఎదురెదురుగా కూర్చున్నప్పుడు మధ్యవర్తుల్లో ఒకరయ్యారు. అడవిలో బందీగా కూర్చున్న మనిషే పదిహేడేళ్లకు చర్చల బల్ల దగ్గర కూర్చున్నారన్నమాట. ఆ చర్చలు కొత్త ఏడాది మొదట్లోనే కుప్పకూలాయి. కానీ మధ్యవర్తి అనే స్థానం మాత్రం నిలిచిపోయింది.

2011 ఫిబ్రవరి 16న మల్కన్‌గిరి కలెక్టర్, తెలుగువాడైన వినీల్‌కృష్ణ, ఒక జూనియర్ ఇంజినీరుతో పాటు చిత్రకొండ వైపు అపహరణకు గురయ్యారు. ప్రొఫెసర్ హరగోపాల్, సోమేశ్వరరావు, దండపాణి మొహంతి మధ్యవర్తులుగా వెళ్లారు. కలెక్టర్ 24న బయటికొచ్చారు. తర్వాతి ఏడాది ఏప్రిల్ 21న సుక్మా కలెక్టర్ అలెక్స్ పాల్ మీనన్ గ్రామ సురాజ్ కార్యక్రమంలో ఉండగా మాఝీపారాలో దొరికిపోయారు. అన్ని ఘటనల్లోనూ ఎక్కువ చెప్పుకోవాల్సింది దీని గురించే. మావోయిస్టులు అడిగిన పేర్లలో ప్రశాంత్ భూషణ్, కోంటా మాజీ ఎమ్మెల్యే మనీష్ కుంజం మధ్యవర్తిత్వానికి ఒప్పుకోలేదు. కుంజం మాత్రం కలెక్టర్‌కు కావలసిన మందులు పట్టుకుని అడవిలోకి వెళ్లొచ్చారు. చివరికి చర్చలకు కూర్చున్నది బి.డి. శర్మ, హరగోపాల్. శర్మ 1960ల చివర్లో బస్తర్ కలెక్టరు. తర్వాత షెడ్యూల్డు కులాలు, తెగల కమిషనరు. ‘మావా నాటే మావా రాజ్’ (మా ఊళ్లో మా రాజ్యం) అంటూ గ్రామసభ హక్కు కోసం తిరిగిన మనిషి. ఆ పనికే 1992లో జగదల్‌పూర్‌లో ఆయన మీద దాడి కూడా జరిగింది. ప్రభుత్వం తరఫున ఎదుట కూర్చున్నవాళ్లెవరు? మధ్యప్రదేశ్ మాజీ ప్రధాన కార్యదర్శి నిర్మలా బుచ్, ఛత్తీస్‌గఢ్ మాజీ ప్రధాన కార్యదర్శి ఎస్.కె. మిశ్రా. అంటే రాయపూర్‌లో బల్లకు రెండువైపులా పాత సర్వీసు మనుషులు ఉన్నారు, వాళ్ల సర్వీసులోని కుర్రవాడొకడు అడవిలో ఉన్నాడు. పదవిలో ఉన్న అధికారి ఒక మాట ఇవ్వాలంటే పైవాడిని అడగాలి. రిటైరైనవాడు తన పేరునే హామీగా పెట్టగలడు. పోగొట్టుకోవడానికి అతని దగ్గర మిగిలింది కూడా ఆ పేరే.

దీనికి గట్టి ఆక్షేపణ ఉంది: పనిచేసింది పేరు కాదు, బేరం. గుర్తేడులో అది నిజమే. మల్కన్‌గిరిలోనూ ఒడిశా ప్రభుత్వం చాలా డిమాండ్లకు తలొగ్గింది. కానీ వరస చూస్తే బేరం పలచబడుతూ వచ్చింది. 2012 ఏప్రిల్ 30 నాటి సుక్మా ఒప్పందంలో ప్రధానాంశం, జైళ్లలోని ఆదివాసీల కేసులు సమీక్షించడానికి నిర్మలా బుచ్ అధ్యక్షతన ఒక కమిటీ. మే 3న శర్మ, హరగోపాల్ చింతల్‌నార్ మీదుగా తాడిమెట్లకు వెళ్లి మీనన్‌ను తీసుకొచ్చారు. 2010 ఏప్రిల్‌లో 76 మంది జవాన్లు చనిపోయిన తాడిమెట్ల అదే. ఇక 2021 ఏప్రిల్ 3 ఎదురుకాల్పుల్లో 22 మంది జవాన్లు మరణించాక బందీగా చిక్కిన కోబ్రా కమాండో రాకేశ్వర్‌సింగ్ మన్హాస్ విషయంలో ఖైదీల విడుదలను మావోయిస్టులు బహిరంగంగా డిమాండ్ చేయలేదు. మధ్యవర్తుల పేర్లు చెప్పమన్నారంతే. 1976 నుంచి బస్తర్‌లో ఆదివాసీ బాలికల బడులు నడుపుతూ వచ్చిన, అప్పటికి తొంభై దాటిన ధరంపాల్ సైనీ, గోండ్వానా సమాజ్ పెద్ద తెలం బోరయ్య, కొందరు విలేకరులు వెళ్లారు. గుమిగూడిన ఊళ్ల జనం చూస్తుండగా అతని కట్లు విప్పడం వీడియోలో అందరూ చూశారు. బేరం దాదాపు మాయమైనా మధ్యవర్తి అవసరం అలాగే ఉందంటే, బరువు ఎటువైపు ఉందో తెలుస్తూనే ఉంది.

మధ్యవర్తులు అపహరణలకు ఊతమిచ్చారన్నది రెండో ఆక్షేపణ. 2012 మార్చిలో ఒడిశాలో ఇద్దరు ఇటాలియన్లు, అదే నెలలో ఎమ్మెల్యే ఝినా హికాకా, ఏప్రిల్‌లో మీనన్ వరసగా బందీలవడం చూస్తే ఇది కొట్టిపారేసే మాట కాదు. ఇటాలియన్ల వ్యవహారంలోనూ మధ్యవర్తుల్లో శర్మ ఒకరు. అయితే ఆ తర్వాత ఈ సరిహద్దులో ఏ కలెక్టరూ బందీ కాలేదు. మధ్యవర్తిత్వమే వలైతే ఆ వల అంత త్వరగా ఖాళీ అయ్యేది కాదు. మూడో ఆక్షేపణకు మాత్రం ఈ చరిత్రలో జవాబు లేదు. కలెక్టరుకైతే ఢిల్లీ నుంచి మాజీ కలెక్టరు వస్తాడు. మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో నడిచిన సల్వా జుడుం మొదలైన 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో ఊళ్లు వదిలి చర్ల, చింతూరు అడవుల్లో గుడిసెలు వేసుకున్న గుత్తికోయ ఆదివాసీ మాయమైతే రాయపూర్‌లో బల్ల వేయరు. మాఝీపారాలో ఆ సాయంత్రం మీనన్ గన్‌మెన్ ఇద్దరినీ అక్కడికక్కడే కాల్చేశారు. వాళ్ల కోసం మధ్యవర్తి పేరు అడిగేంత వ్యవధి ఎవరికీ దొరకలేదు.