చీరాల తీరంలో మురుగునీటి కాలుష్యం

బాపట్ల జిల్లా చీరాల పట్టణం నుంచి, దాని చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చే మురుగు బంగాళాఖాతంలోకీ తీరపు ఇసుక నేలల్లోని భూగర్భజలంలోకీ చేరడం వల్ల ఏర్పడే సమస్య ఇది. వాడరేవు, రామాపురం తీరాలు ఈ ప్రాంతంలోనివే. సముద్రంలో కలిసే మురుగు అనగానే కాలువ చివర నల్లగా పారే నీరు గుర్తుకొస్తుంది. కానీ చీరాల వంటి చోట అంతకన్నా ముఖ్యమైన దారి నేల లోపల ఉంది. కంటికి ఆనదు కాబట్టి దాన్ని పట్టించుకునేవారు తక్కువ.

నేల, నీరు

చీరాల–బాపట్ల తీరం వెంట ఇసుకలో నాలుగడుగులు తవ్వితే మంచినీరు ఊరే చోట్లున్నాయి. ఇలా తవ్విన గుంటలనే దొరువులంటారు. రైతులు కడవలతో ఆ నీళ్ళు మోసి కూరగాయలు, నారుమళ్ళు తడుపుకున్నారు. నీటిని పైపైన మాత్రమే తోడుకునేలా బాపట్ల వ్యవసాయ పరిశోధకులు దొరువును మెరుగుపరిచారు. ఆ జాగ్రత్తకు కారణముంది. వాననీరు తేలిక కనుక ఉప్పునీటి మీద పొరలా నిలుస్తుంది. సముద్రమట్టానికి పైన ఒక మీటరు మంచినీరు నిలిస్తే, దాని కింద సుమారు 40 మీటర్ల దాకా మంచినీరే ఉంటుందని సూత్రం. పైన ఉన్నది తగ్గితే కింద పొర అంతకు 40 రెట్లు పలచబడుతుంది.

ఈ పొరలోకే సెప్టిక్ ట్యాంకుల నీరూ దిగుతుంది. ఇంకుడుగుంత అడుగుకూ నీటిమట్టానికీ మధ్య కనీసం 2 మీటర్ల పొడినేల ఉండాలన్నది ఇంజినీర్ల నియమం. ఈశాన్య రుతుపవనాల కాలంలో నీళ్ళు పైకొచ్చే ఇసుక నేలలో ఆ ఎడం దక్కడం కష్టం. ముతక ఇసుకలో నీరు త్వరగా జారిపోతుంది. సూక్ష్మజీవులు వడపోతకు చిక్కేంత సమయముండదు, నైట్రేట్ అసలే ఆగదు. ఆ నీరు మెల్లగా సముద్రం వైపే నడుస్తుంది.

పట్టణపు మురుగు

2011 జనాభా లెక్కల్లో చీరాల పురపాలక జనాభా సుమారు 87 వేలు. మనిషికి రోజుకు 100 లీటర్ల మురుగు అనుకున్నా 87 లక్షల లీటర్లవుతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 నివేదిక ప్రకారం ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో రోజుకు 288 కోట్ల లీటర్ల మురుగు పుడుతుంటే, శుద్ధి కేంద్రాల సామర్థ్యం 83 కోట్లే. చీరాల మగ్గాల ఊరు కూడా. నూలు అద్దకంలో మిగిలే రంగునీటిలో కాస్టిక్ సోడా, లవణాలు ఉంటాయి. ఇళ్ళ మురుగును శుద్ధిచేసే సూక్ష్మజీవులు ఈ నీటిని తట్టుకోలేవు. అందుకే రెంటినీ ఒకే కాలువలో కలపడం తప్పు.

పారిశుధ్యం ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న ఈ ఊరికి పాతదే. 1919లో మునిసిపాలిటీ వచ్చి పన్నులు పెరిగాక, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన చీరాల, పేరాల ప్రజలు ఇళ్ళు వదిలి రామనగర్ అనే తాత్కాలిక ఊళ్ళో నెలల తరబడి కాపురమున్నారు. నాడు కాదన్నది తమ స్తోమతకు మించి మీద పడ్డ పరాయి పాలన పన్నుని. ప్రజలే ఎన్నుకునే నేటి పాలకవర్గానికి మురుగుశుద్ధి మొదటి పనుల్లో ఉండాలి.

సముద్రంలో

మురుగులోని నత్రజని, భాస్వరం నాచును పెంచుతాయి. అది కుళ్ళేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ తగ్గి చేపపిల్లలు చస్తాయి. ఒడ్డున అలివి వల లాగేవారికి ముందు తగిలే దెబ్బ ఇదే. స్నానాలకు పనికొచ్చే తీరజలంలో 100 మిల్లీలీటర్లకు మలసంబంధ కోలిఫారాలు 100 దాటరాదని దేశ ప్రమాణం. తీరప్రవాహం నైరుతి కాలంలో ఉత్తరానికి, ఈశాన్య కాలంలో దక్షిణానికి సాగుతుంది. కాబట్టి ఒక ఊరి మురుగు పక్క ఊరి రేవుకూ చేరుతుంది.

ద్వీపదేశాల్లో ఇదే కథ ఇంకా ఇరుకైన నేల మీద నడిచింది. పసిఫిక్‌లోని కిరిబాటి రాజధాని తరావాలో కూడా ఇలాంటి పలుచని మంచినీటి పొరే ఉంది. 1977లో అక్కడ కలరా చెలరేగింది. ఆ తర్వాత సముద్రపు నీటితో మరుగుదొడ్లు కడిగే కాలువ వ్యవస్థ వేశారు. మురుగు ఇళ్ళ నుంచి దూరమైంది, శుద్ధి లేకుండా సముద్రంలోకి పోయింది.

భారతదేశంలో శుద్ధిచేయని మురుగును తీరజలాల్లో వదలడం 1991 తీరప్రాంత నియంత్రణ ప్రకటన నుంచీ నిషిద్ధం. 2011, 2019 ప్రకటనలూ దాన్ని కొనసాగించాయి. చట్టానికి లోటు లేదు. లోటంతా శుద్ధి కేంద్రాలకు, సెప్టిక్ ట్యాంకు బండ్ల మీద నిఘాకు.

తీరగ్రామాల్లో దొరువు, చేతిపంపు నీళ్ళు వాడే ఇళ్ళవారు ఏటా వానలు వెనకబట్టాక నీటిని పరీక్ష చేయించుకోవాలి. కాచితే సూక్ష్మజీవులు చస్తాయి కానీ నైట్రేట్ పోదు. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు పసిబిడ్డలకు పట్టరాదు. మూడేళ్ళకొకసారి ట్యాంకు తోడించండి. తోడిన బండి దాన్ని ఎక్కడ పోస్తుందో కూడా అడగండి.