కోనసముద్రపు ఉక్కు

డమాస్కసు ఖడ్గములని లోకమున ప్రసిద్ధి గన్న కత్తులలో పెక్కింటికి వలసిన ఉక్కు డమాస్కసులో పుట్టినది కాదనియు, అది దక్షిణహిందూదేశమునుండి పారసీకమునకు పోయినదనియు నేడు చదువుకొన్నవారెల్ల రెఱుగుదురు. అయితే ఆ ఉక్కును చేసినవాడెవడని యడిగినచో బదులు చెప్పగలవారు లేరు. ఈ ప్రశ్న గోదావరికి ఇరుప్రక్కలనున్న నిర్మల, జగిత్యాల సీమలవారికి, అనగా వెనుకటి ఆదిలాబాదు, కరీంనగరు జిల్లాలవారికి, ఇంటిప్రశ్న వంటిది.

గోదావరికి దక్షిణమున, నేటి నిజామాబాదు జిల్లా కమ్మరపల్లి ప్రాంతమున, కోనసముద్రమను గ్రామము కలదు. కమ్మరపల్లి యను పేరే సగము చరిత్ర చెప్పుచున్నది. త్రికోణమితీయ సర్వే శాఖలో వైద్యుడుగను భూగర్భశాస్త్రజ్ఞుడుగను పనిచేసిన వాయిసీ దొర ఈ గ్రామమునకు పోయి, ఉక్కు చేయు విధానమును కన్నులార చూచి వ్రాసికొనెను. ఆయన 1824లో మరణించెను. ఆ వ్రాత 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికయందు ప్రకటితమయ్యెను. దానిని చదివినవారికి మన కమ్మరి యెంతటివాడో తెలియగలదు.

అతడు ఒకేరకపు ఇనుమును వాడలేదు. మీర్తిపల్లి ఇనుము మూడు పాళ్లు, కొండాపురపు ఇనుము రెండు పాళ్లు కలిపెడివాడు. మొదటిది ఇసుకవలెనుండు ఖనిజమునుండి తీసినది, రెండవది వేఱొకవిధమైన రాతినుండి తీసినది. ఈ మిశ్రమమును గాజువంటి పదార్థముతోకూడ మంటకు తాళు మట్టిమూసలో ఉంచి, మూతవేసి మెత్తి, తిత్తులు ఆగకుండ ఇరువదినాలుగు గంటలు కాల్చెడివారు. తరువాత మూసను తటాలున బయటికి లాగక కొలిమిలోనే చల్లారనిచ్చెడివారు. మూస పగులగొట్టిన లోపల ఉక్కుబిళ్ల దొరకెడిది. దానిని మరల మట్టితో కప్పి పలుమారులు మెల్లగా కాచి పెళుసుదనమును పోగొట్టెడివారు.

ఇందు ప్రతి మెట్టునకును కారణము కలదు. ఇట్టి ఉక్కులో నూటికి ఒకటిన్నర పాలు వఱకు కర్బనముండును. నిదానముగా చల్లార్చుటచేత లోహములో కర్బనసమ్మేళనము చాళ్లుగా ఏర్పడి, కత్తి సాగగొట్టినపుడు నీటి అలలవంటి రేఖలుగా పైకి తేలును. ఇరువదవ శతాబ్దము చివర అమెరికాలో వెర్హోవెన్ అను లోహశాస్త్రజ్ఞుడు ప్రయోగములు చేసి, ఖనిజములో అణుమాత్రముగా నుండు వెనేడియము వంటి మూలకములే ఈ రేఖలకు ముఖ్యహేతువని తేల్చెను. మూడునకు రెండు పాళ్లని నిర్ణయించిన కమ్మరికి వెనేడియమను పేరు తెలియదు. ఏ గుట్టరాయి ఏ గుణమిచ్చునో మాత్రము అతనికి తెలియును. ఎన్ని మూసలు పాడైన పిమ్మట ఆ లెక్క కుదిరినదో!

వాయిసీ చూచిన దినములలోనే పారసీక వర్తకులు అచ్చటికి వచ్చి, దగ్గరనుండి ఉక్కును పరీక్షించి కొనిపోవుచుండిరి. తమ దేశమున దీనినే చేయజూచి చేయలేకపోయిరట. ఆ వర్తకులలో ఇస్ఫహానువాడైన హాజీ హుసేను పేరు వ్రాతలో నిలిచినది. కొన్నవాని పేరున్నది, చూచినవాని పేరున్నది. కరగించినవాని పేరు లేదు.

సీమలోనివారి పేర్లకు కొదువ లేదు. బొంబాయినుండి 1794 ప్రాంతమున స్కాట్ వైద్యుడు పంపిన ముక్కలను పియర్సన్ పరీక్షించి, 1795లో రాయల్ సొసైటీ వారికి నివేదించెను. మన ‘ఉక్కు’ వారి వ్రాతలో ‘ఊట్జ్’ అయ్యెనని పలువురి తలంపు. ఫారడే మహాశయుడు స్టోడార్టుతో కలిసి 1820 ప్రాంతమున దానిని అనుకరింప యత్నించెను. చెన్నపురి రాజధానిలో ఇనుప కర్మాగారము నడపిన హీత్ దొర 1839లో ఉక్కునకు మాంగనీసు కలుపు విధమునకు హక్కుపత్రము పొందెను. దానిని ఇతరులు ఉపాయముగా తప్పించుకొనిరి. పాపము, ఆయన వ్యాజ్యములలోనే వేసారి ఫలమనుభవింపక మరణించెను. అయినను ఆయన కొక హక్కుపత్రముండెను, పోరాడుటకొక న్యాయస్థానముండెను. కోనసముద్రపు కమ్మరికి ఆ రెండును లేవు.

ఈ అపరాధమంతయు పరదేశీయులపై మోపుట సులభము గాని న్యాయము గాదు. అమరకోశమున ఇనుమునకు లోహము, శస్త్రకము, తీక్ష్ణము, పిండము, కాలాయసము, అయస్సు, అశ్మసారము అని ఏడుపేర్లు మేము బాల్యమున వల్లించితిమి. లోహకారకుడను జాతినామమునుకూడ వల్లించితిమి. ఆ లోహకారకుని వాకిట నిలిచి, ఈ పని యెట్లు చేయుదువని అడిగి వ్రాసికొన్న పండితు డొకడైన కలడా? ప్రఫుల్లచంద్రరాయలు తమ హిందూరసాయనశాస్త్ర చరిత్రలో ఈ విషయమునే ఎత్తిచూపి, చేతిపనిని కులములకు విడిచి బుద్ధిజీవులు దూరముగా తొలగుటచేతనే మన దేశమున శాస్త్రదృష్టి క్షీణించెనని నిష్ఠురముగా పలికిరి. ఆ మాట మనకు రుచింపకపోవచ్చును గాని, కాదనుటకు నాకు ఆధారము కనబడదు.

వ్రాత లేనిచోట విద్యకు తండ్రినోరే గ్రంథము, కొడుకు చేయియే ప్రతి. తెలంగాణమున ఇనుము కరగించు ముద్దకమ్మరుల విద్య ఇట్లే నిలిచినది. ఒక్క తరము కొలిమి చల్లారినచో గ్రంథమే నశించును. జరిగినదియు నదియే. పారసీకపు బేరము తగ్గెను. రైళ్లతో సీమ ఇనుము చౌకగా వచ్చెను. అన్నిటికంటె బొగ్గు ముఖ్యము. అడవికఱ్ఱ కాల్చిన బొగ్గు లేనిదే ఈ కొలిమి లేదు. ఆంగ్లప్రభుత్వపు 1878వ సంవత్సరపు అటవీచట్టము రక్షితారణ్యములో బొగ్గు కాల్చుటను శిక్షార్హమైన నేరముగా చేసెను. హైదరాబాదు రాజ్యమునందును అట్టి కట్టడులే వచ్చెను.

తాత ఏ కఱ్ఱతో జగత్ప్రసిద్ధమైన ఉక్కు చేసెనో, ఆ కఱ్ఱనే మనుమడు కాల్చినచో దోషియయ్యెను. తాతవృత్తిని విడిచి నాగటికఱ్ఱులు సరిచేసికొని బ్రదికినవాడు మంచివాడు, విడువనివాడు అడవిదొంగ. ఇట్టి కుటుంబములలో తండ్రికిని కొడుకునకును నడుమ ఎట్టి వాదములు జరిగెనో వ్రాసినవారు లేరు. కాని తండ్రి గర్వించిన పనియే కొడుకును ఠాణాకు ఈడ్చునపుడు, కొడుకు ఆ కొలిమివైపు మరల చూడకుండుట ఆశ్చర్యమా?

ఇది కమ్మరులతోనే ఆగలేదు. ఆదిలాబాదు అడవులలో గోండులు, కొలాములు తాము దున్నిన నేలయందే ఆక్రమణదారులైరి. బాబేఝరిలో అటవీశాఖవారు వారి గుడిసెలు కాల్చిరి. ఎదిరించిన కొమురం భీము 1940లో జోడేఘాటున పోలీసు కాల్పులలో కూలెను. నాటి ప్రభుత్వపు లెక్కలో ఆయన నేరస్థుడే. ఆ పిమ్మట నిజాము ప్రభుత్వము హైమెండార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞునిచే ఆ జనుల స్థితిని విచారింపజేసెను. ఇట్టివారిని నేరస్థులని పిలుచుటకు ముందు ఆ నేరము ఏ సంవత్సరమున పుట్టినదో అడుగుట గృహస్థులమైన మనకు తగును.

2010లో బెంగుళూరునందలి జాతీయ ఉన్నతాధ్యయన సంస్థవారును, ఇంగ్లండులోని ఎక్సిటరు విశ్వవిద్యాలయమువారును కలిసి ఆదిలాబాదు, కరీంనగరు, నిజామాబాదు, వరంగల్లు జిల్లాలలో ఊరూర తిరిగిరి. చెఱువుగట్లప్రక్కను, చేలలోను చిట్టెపుదిబ్బలు, పగిలిన మూసముక్కలు వందలకొలది చోట్ల ఉన్నట్లు గుర్తించిరి. ఆ ముక్కలలో అంటుకొనియున్న లోహపుబొట్లను పరీక్షించి ఉక్కుగుణమును ఇప్పటికిని కనుగొనవచ్చును.