మద్యం మాన్పించే చికిత్స తర్వాత.. ఇంట్లో తాగేవాళ్లుంటే మహిళలు ఏం చేయాలి?

తండ్రి తాగేవాడు. అన్న ఇప్పటికీ తాగుతాడు. ఆమె డీ-అడిక్షన్ సెంటర్‌లో చికిత్స పూర్తిచేసుకుని అదే ఇంటికి తిరిగొచ్చింది. ‘వాళ్ల రక్తంలోనే ఉంది, మళ్లీ మొదలుపెడుతుంది’ అంటారు బంధువులు. ఇలాంటి మాటల్లో నిజమెంత?

వారసత్వంగా వస్తుందా?
మద్యానికి బానిసయ్యే ముప్పులో దాదాపు సగం జన్యుపరమైనదని కవలలపై జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. మిగతాది పెరిగిన వాతావరణం, ఒత్తిడి, చుట్టూ ఉన్న మనుషుల వల్ల వచ్చేది. దీన్ని తగ్గించుకునే వీలుంది.

మహిళలకు తేడా ఏమిటి?
మహిళల శరీరంలో నీటి శాతం తక్కువ. అందుకే అంతే మోతాదు తాగినా రక్తంలో ఆల్కహాల్ ఎక్కువగా చేరుతుంది. కాలేయం త్వరగా దెబ్బతింటుంది. తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మహిళల్లో 6.7 శాతం మంది మద్యం తాగుతున్నట్లు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019-21) తేల్చింది. అయినా పరువు పోతుందనే భయంతో చాలామంది ఆసుపత్రి గడప తొక్కరు.

ఇంటికొచ్చాక..
* కుటుంబంలో ఎవరెవరికి తాగుడు అలవాటుందో డాక్టర్‌కు దాచకుండా చెప్పండి.
* ఇంట్లో సీసాలు ఉంచకుండా, ఎవరూ తాగకుండా కుటుంబసభ్యులతో ముందే మాట్లాడుకోండి.
* బాగానే ఉన్నా కౌన్సెలింగ్, మందులు మధ్యలో మానొద్దు.
* మళ్లీ తాగితే అంతా అయిపోయినట్లు కాదు. వెంటనే డాక్టర్‌ను కలవండి. రోజూ తాగే స్థితికి వస్తే సొంతంగా ఒక్కసారిగా ఆపొద్దు. ఫిట్స్ వచ్చి ప్రాణాల మీదకు రావచ్చు.

చట్టం ఏమంటోంది?
మద్యం వ్యసనంతో వచ్చే మానసిక సమస్యలు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017 పరిధిలోకి వస్తాయి. చట్టం చెప్పిన కొన్ని సందర్భాల్లో తప్ప చికిత్స వివరాలు బయటపెట్టకూడదు. మీ తరఫున మాట్లాడే ప్రతినిధిగా నమ్మకమైన వ్యక్తిని తెల్లకాగితంపై రాసి, సంతకం చేసి ఎంచుకోవచ్చు. భర్త, తండ్రే కానక్కర్లేదు. మళ్లీ చేరాల్సి వచ్చినా మూడేళ్లలోపు బిడ్డను సాధారణంగా తల్లి నుంచి వేరు చేయకూడదు.

ఎవరికి ఫోన్ చేయాలి?
వ్యసన విముక్తి జాతీయ హెల్ప్‌లైన్ 14446. మానసిక సమస్యలకు టెలీ-మానస్ 14416. రెండూ ఉచితం. టెలీ-మానస్‌లో 24 గంటలూ తెలుగులో మాట్లాడొచ్చు. హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖపట్నంలలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. ఆమె ఫోన్ చేయలేని స్థితిలో ఉంటే ఇంట్లోవాళ్లు చేసినా సలహా ఇస్తారు.