కొల్లేటి నీటి అంచు: పక్షి ఆవాసం, జీవనోపాధి, చట్టం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరు భారతదేశంలోని పెద్ద మంచినీటి సరస్సులలో ఒకటి. ఈ సరస్సు చరిత్రను సాధారణంగా ఆక్రమణల చరిత్రగానో, పక్షుల కేంద్రపు చరిత్రగానో చెప్పడం పరిపాటి. ఈ రెండింటికీ మూలంలో ఉన్న అంశం నీటి అంచు. రుతువును బట్టి ముందుకు వచ్చి వెనక్కి తగ్గే ఆ అంచును స్థిరపరచడానికి డెల్టా నీటిపారుదల, సహకార సంఘాల చేపల చెరువులు, అభయారణ్య చట్టం, ప్రకృతి పర్యాటకం వేర్వేరు కాలాల్లో ప్రయత్నించాయి. ఆ ప్రయత్నాల క్రమాన్ని, వాటి ఫలితంగా పక్షుల ఆవాసంలోనూ లంక గ్రామాల జీవనంలోనూ వచ్చిన మార్పులను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కొల్లేరు, చిత్తడినేలలు, గూడబాతు, కాంటూరు, అభయారణ్యం, లంక గ్రామాలు, ఆటపాక.

1. ఉపోద్ఘాతం:

అంతు తేలని వ్యవహారాన్ని తెలుగువారు 'కొల్లేటి చాంతాడు' అంటారు. కొల్లేటి విస్తీర్ణం గురించిన వివాదానికే ఆ నానుడి చక్కగా సరిపోతుంది. 2002 ఆగస్టులో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా గుర్తింపు పొందినప్పుడు నమోదైన కొల్లేటి విస్తీర్ణం 90,100 హెక్టార్లు, అంటే 901 చదరపు కిలోమీటర్లు. అంతకు మూడేళ్ల ముందు, 1999లో, రాష్ట్ర ప్రభుత్వం అభయారణ్యంగా ప్రకటించిన ప్రాంతం సుమారు 308 చదరపు కిలోమీటర్లు. 2008లో శాసనసభ కోరిన కుదింపు అమలై ఉంటే మిగిలేది సుమారు 135 చదరపు కిలోమీటర్లు.

ఈ మూడు సంఖ్యలలో ఏదీ తప్పు కాదు. సముద్ర మట్టానికి ఎన్ని అడుగుల ఎత్తు వరకు సరస్సుగా పరిగణించాలన్న ప్రశ్నకు అవి మూడు సమాధానాలు. కొల్లేరు పళ్లెం వంటి లోతు తక్కువ పల్లం. అక్కడ అడుగు నీరు పెరిగితే వేల ఎకరాలు మునుగుతాయి, అడుగు తగ్గితే వేల ఎకరాలు బయటపడతాయి. అందువల్ల కొల్లేటి చరిత్రలో ఏ గీత గీసినా అది భూమిని, నీటిని, పక్షిని, మనిషిని పంచిన గీతే అయింది.

2. శాసనాలలో కొల్లేరు:

క్రీ.శ. 634 నాటి ఐహోలు శాసనంలో రవికీర్తి రెండవ పులకేశి దిగ్విజయాలను వర్ణించాడు. పిష్టపుర విజయం తరువాత యుద్ధంలో రక్తంతో ఎరుపెక్కిన కునాళ జలాన్ని ఆయన పేర్కొన్నాడు. ఈ కునాళం కొల్లేరేనని చరిత్రకారులు గుర్తించారు. పన్నెండవ శతాబ్దపు విక్రమచోళుని తమిళ ప్రశస్తిలో కుళానికి చెందిన తెలుగు భీముని ప్రస్తావన ఉంది. తమిళంలో 'కుళం' తెలుగులో 'కొలను'. సరస్సును ఆశ్రయించి ఉన్న ఒక పాలక కుటుంబానికి ఆ సరస్సు పేరే ఇంటిపేరు అయిందని దీనివల్ల తెలుస్తుంది.

ఈ ఆధారాలు ఒక విషయాన్ని స్పష్టం చేస్తాయి. కొల్లేరు నిర్జన ప్రకృతి కాదు. కోటలు కట్టుకున్నవారు, పడవలు నడిపినవారు, చేపలు పట్టినవారు దాని మధ్యనే జీవించారు. సరస్సులోని మిట్టలపై వెలసిన లంక గ్రామాలు, కొల్లేటికోటలోని పెద్దింట్లమ్మ ఆలయం, అక్కడ ఫాల్గుణంలో జరిగే జాతర ఆ సుదీర్ఘ నివాసానికి నేటికీ సాక్ష్యాలు. కనుక మనిషి అడుగుపెట్టడంతోనే పక్షుల ఆవాసం చెడిందనే సరళమైన వివరణ కొల్లేటి విషయంలో నిలవదు.

3. డెల్టా నీటిపారుదల – మారిన నీటి రాకపోకలు:

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వంటి వాగులు ఎగువ ప్రాంతాల వాననీటిని కొల్లేటికి చేరుస్తాయి. ఆ నీరు సముద్రానికి పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. వచ్చే దారులు అనేకం, పోయే దారి ఒకటి కావడం వల్ల వానాకాలంలో కొల్లేరు వరదను నిలిపి ఉంచి నెమ్మదిగా వదిలే సహజ జలాశయంగా పనిచేస్తుంది. వేసవిలో నీరు మధ్యభాగానికి కుంచించుకుపోతుంది.

పందొమ్మిదవ శతాబ్ది మధ్యలో ధవళేశ్వరం వద్ద గోదావరిపై, బెజవాడ వద్ద కృష్ణపై ఆనకట్టలు పూర్తయ్యాయి. కాలువలు వచ్చాయి, వాటితోపాటు మురుగు కాలువలూ వచ్చాయి. పొలాల్లో మిగిలిన నీరు, దానితో కొట్టుకొచ్చే ఒండ్రు కొల్లేటికి చేరడం మొదలైంది. డెల్టాను అన్నపూర్ణగా మార్చిన వ్యవస్థే కొల్లేటిని ఆ డెల్టాకు మురుగుగుంటగా మార్చింది. ఒండ్రు వల్ల అంచులు మెరక కావడంతో వరి సాగు క్రమంగా లోపలికి జరిగింది. తరువాతి కాలంలో ఎరువులు, పురుగుమందుల అవశేషాలు, పట్టణాల, పరిశ్రమల వ్యర్థాలు కూడా ఇవే దారుల్లో వచ్చి చేరాయి. గుర్రపుడెక్క దట్టంగా పెరగడానికి ఇది అనుకూలించింది.

4. ఆరేడు గూడబాతులు:

కొల్లేటి ప్రాంతపు పక్షుల చరిత్రలో 1946 ముఖ్యమైన సంవత్సరం. పశ్చిమ గోదావరి జిల్లాలోని ఆరేడు గ్రామం వద్ద గూడబాతులు పెద్ద సంఖ్యలో గూళ్లు కట్టుకోవడాన్ని కె.కె. నీలకంఠన్ గమనించాడు. తరువాతి కాలంలో 'ఇందుచూడన్' అనే కలం పేరుతో మలయాళంలో పక్షిశాస్త్ర రచనకు బాట వేసినది ఈయనే. ఆరేడు గురించి ఆయన రాసిన వ్యాసం 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వెలువడింది. ఆనాటి అంచనా ప్రకారం అక్కడి గూడబాతులు సుమారు 3,000.

ఆరేడు కొల్లేటి గర్భంలోని ఊరు కాదు. పక్షులు గూడు కట్టిన చోటు ఒకటి, మేత వెదికిన చోటు మరొకటి. గూడబాతుకు గూటి కోసం చెట్టు, పిల్లల కోసం పుష్కలంగా చేప, ఆ రెంటి మధ్య ఎగిరి రాగల దూరం కావాలి. శీతాకాలంలో గూళ్లలో పిల్లలు ఎదిగే నెలల్లోనే కొల్లేటి నీరు తగ్గుతూ, చేపలు లోతు తక్కువ మడుగుల్లో గుమికూడతాయి. కొర్రమీను, వాలుగ, జెల్ల వంటి నాటు చేపలను మత్స్యకారులు మావులతో పట్టిందీ, పక్షులు వేటాడిందీ ఈ నీటి తీతలోనే. నీటి అంచు కదలడం ఇద్దరికీ అవసరమైంది.

ఊరిలో పక్షి గూడు కట్టడం తెలుగునేలపై అరుదైన విషయం కాదు. నెల్లూరు ప్రాంతంలోని నేలపట్టు చెరువు వద్ద పక్షుల రెట్టతో సారవంతమైన నీరు పొలాలకు మేలు చేస్తుందని రైతులు గ్రహించి పక్షులను కాపాడుకున్నారు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం ప్రజలు ఏటా వచ్చే కొంగలను, గూడబాతులను శుభసూచకంగా భావించి ఆదరించారు. అభయారణ్య చట్టానికి ముందే ప్రయోజనం, విశ్వాసం కలిసి పక్షికి రక్షణ కల్పించాయి. అయితే ఆ రక్షణ గూటికే పరిమితం. మేత దొరికే నీరు మారితే ఊరి ఆదరణ ఒక్కటే పక్షిని నిలపలేదు. 1970ల మధ్యనాటికి నీలకంఠన్ చూసిన గూళ్ల సముదాయం కనుమరుగైంది. అదే దశకంలో కొల్లేటిలో మరో మార్పు మొదలైంది.

5. సహకార సంఘాల నుంచి చేపల చెరువుల వరకు:

1970ల మధ్యలో రాష్ట్ర ప్రభుత్వం కొల్లేటి పేదలకు, ముఖ్యంగా వడ్డి కులానికి చెందిన మత్స్యకారులకు, సహకార సంఘాల ద్వారా చేపల చెరువులు ఏర్పాటు చేసే విధానాన్ని చేపట్టింది. వరదకు, ఎండకు లోబడిన బతుకుకు స్థిరమైన ఆదాయం కల్పించడం దీని లక్ష్యం. ఆ లక్ష్యం న్యాయమైనదే. అయితే చెరువు అంటే గట్టు. గట్టు కట్టిన చోట నీటి అంచు కదలదు.

తరువాతి రెండు దశాబ్దాల్లో బొచ్చె, శీలావతి పెంపకం లాభసాటి వ్యాపారమైంది. చెరువు తవ్వకానికి, పిల్లకు, మేతకు కావలసిన పెట్టుబడి పేద సభ్యుల వద్ద లేదు. సంఘాల చెరువులు లీజుల రూపంలో పెట్టుబడిదారుల చేతికి వెళ్లాయి. పత్రాల మీద యజమాని అయిన మత్స్యకారుడు చాలాచోట్ల తన చెరువు గట్టుమీదే కూలి అయ్యాడు. గట్లు ప్రవాహానికి అడ్డుపడటంతో వరద ముంపు పెరిగింది. కిక్కిస గడ్డి, లోతు తక్కువ మడుగులు తగ్గడంతో పక్షులకూ నాటు చేపలకూ చోటు ఇరుకైంది. ఈ పరివర్తనలో చెదిరిపోయిన కొల్లేటి గ్రామీణ జీవనాన్ని అక్కినేని కుటుంబరావు 'కొల్లేటి జాడలు' నవలలో నమోదు చేశాడు.

6. +5 కాంటూరు – చట్టం గీసిన గీత:

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 1999లో రాష్ట్ర ప్రభుత్వం +5 అడుగుల కాంటూరు వరకు కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించింది. 2001లో హైకోర్టు ఈ ప్రకటనను సమర్థించింది. అయినప్పటికీ చెరువులు కొనసాగాయి. చివరకు సుప్రీంకోర్టు ఆదేశాల నేపథ్యంలో 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట అభయారణ్య పరిధిలోని చెరువుల గట్లను యంత్రాలతో, పేలుడు పదార్థాలతో ధ్వంసం చేశారు.

పర్యావరణ పరిరక్షణ చరిత్రలో ఇది గొప్ప చర్యగా ప్రశంస పొందింది. కానీ ఆ గట్లతోపాటు కూలిన జీవనోపాధులు ఒకే రకమైనవి కావు. పెట్టుబడిదారునికి చెరువు అనేక ఆదాయాలలో ఒకటి, లంక గ్రామపు కుటుంబానికి అదే ఏకైక ఆధారం. సరస్సును బాగుచేస్తే సంప్రదాయ చేపల వేట తిరిగి వస్తుందన్న ఆశ, కలుషితమై పూడిన నీటిలో వెంటనే నెరవేరేది కాదు. వలస వెళ్లినవారు వెళ్లగా, క్రమంగా చెరువులు మళ్లీ తలెత్తాయి.

ఈ అసంతృప్తి 2008లో శాసనసభ తీర్మానంగా వ్యక్తమైంది. అభయారణ్యాన్ని +3 కాంటూరుకు కుదించాలని సభ కోరింది. అయితే చట్టం ప్రకారం జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు లేకుండా అభయారణ్యపు సరిహద్దులు మార్చడం సాధ్యం కాదు. ఈ అంశాన్ని పరిశీలించడానికి కేంద్ర ప్రభుత్వం పి.ఎ. అజీజ్ నేతృత్వంలో నియమించిన కమిటీ 2011లో ఇచ్చిన నివేదికలో +5 కాంటూరును కొనసాగించాలనే అభిప్రాయపడింది. గీత నిలిచింది, వివాదమూ నిలిచింది. గీతకు అటు పక్షులని, ఇటు మనుషులని చర్చ సాగడమే ఇందులోని లోపం. ఇద్దరికీ ప్రాణాధారమైన నీటి రాకపోకలు ఏ గీతలోనూ ఇమడలేదు.

7. ఆటపాక – పర్యాటకుడు చూసే కొల్లేరు:

నేడు కొల్లేరు చూడవచ్చే యాత్రికులలో అధికులు కైకలూరు సమీపంలోని ఆటపాక పక్షుల కేంద్రానికి వెళతారు. పడవలో తిరుగుతూ గూడబాతులను, ఎర్రకాళ్ల కొంగలను దగ్గరగా చూసే అవకాశం అక్కడ ఉంది. చెట్లు చాలని చోట అటవీశాఖ నిలిపిన ఇనుప స్టాండ్లపై గూడబాతులు గూళ్లు కట్టి పిల్లలను పొదుగుతున్నాయి. కనుమరుగైన ఆరేడు గూళ్లను గుర్తుకు తెచ్చుకుంటే ఇది చిన్న విజయం కాదు.

అయితే ఈ దృశ్యంలో ఒక వైరుధ్యం ఉంది. ఆటపాక పక్షుల కేంద్రం కూడా గట్ల మధ్య నీరు నిలిపిన చెరువే. గట్టు పోవాలని చట్టం కోరిన సరస్సులో గట్టు మధ్యనే పక్షికి భద్రత దొరికింది. సహజమైన చెట్టు స్థానంలో ఇనుము, కదిలే నీటి స్థానంలో నిలిపిన నీరు వచ్చాయి. పర్యాటకం ఆటపాకను కొల్లేటికి నమూనాగా చూపుతుంది. చరిత్ర మాత్రం దానిని కొల్లేరు కోల్పోయినదానికి ప్రత్యామ్నాయంగా చూపుతుంది. గూడు కట్టే చోటును కాపాడినంత మాత్రాన మేత దొరికే సరస్సు బాగుపడినట్లు కాదన్న ఆరేడు పాఠం ఇక్కడా వర్తిస్తుంది.

8. ముగింపు:

2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు పొంగి విజయవాడను ముంచెత్తింది. ఆ బుడమేరు చేరవలసిన చోటు కొల్లేరే. పక్షి శాస్త్రజ్ఞులు మాత్రమే పట్టించుకునే విషయంగా చాలామంది భావించిన సరస్సు, నగరాల క్షేమంతో ముడిపడిన వ్యవస్థ అని ఆ వరద మరొకసారి గుర్తు చేసింది.

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. కొల్లేటిలో పక్షి ఆవాసం మనిషి లేని చోట ఏర్పడలేదు. మనిషి, పక్షి ఒకే నీటి అంచును రుతువుల వారీగా పంచుకున్న చోట ఏర్పడింది.

2. ఆనకట్టల అనంతర మురుగునీటి వ్యవస్థ, చేపల చెరువుల గట్లు వేర్వేరు ఉద్దేశాలతో వచ్చినా, రెండూ ఆ అంచు సహజ చలనాన్ని దెబ్బతీశాయి.

3. +5 కాంటూరు గీత ఆక్రమణకు చట్టపరమైన హద్దు కల్పించింది. కానీ సరస్సులోకి వచ్చే నీటి నాణ్యతను, లంక గ్రామాల ఉపాధిని అది తనంతట తాను పరిష్కరించలేదు.

4. నేలపట్టు, తేలినీలాపురం అనుభవాలు స్థానికుల ప్రయోజనం, ఆదరణ లేనిదే పక్షి రక్షణ నిలవదని సూచిస్తాయి. పర్యాటక ఆదాయంలో లంక గ్రామాలకు భాగం లేకపోతే ఆటపాక యాత్రికుల కేంద్రంగానే మిగులుతుంది, ఊరివారి కేంద్రం కాలేదు.

కొల్లేటిని ఎన్ని అడుగుల వరకు కాపాడాలన్న ప్రశ్న పాతికేళ్లుగా వినిపిస్తూనే ఉంది. అందులోకి ఎటువంటి నీరు వస్తోంది, ఎంతకాలం నిలుస్తోంది, ఎవరి జీవితాలను నిలుపుతోంది అన్న ప్రశ్నలు దానికంటే పాతవి. నీలకంఠన్ లెక్కించిన గూళ్లకూ, మావు వేసుకుని బతికిన మత్స్యకారునికీ సమాధానం దొరికేది ఆ ప్రశ్నల దగ్గరే.